వంత లేని కవర్‌కు ఊపిరి అందదు

(నల్లగొండలో జానపద పాటల అభిమానులు, పాడేవాళ్లు, రికార్డింగు చేసేవాళ్లు కూడిన సభలో ఇచ్చిన ప్రసంగం. మాట తీరు మార్చకుండ రాసింది.)

అందరికి శనార్థులు.

బతుకమ్మ పండుగ దగ్గరికొస్తే యూట్యూబ్‌లో ఒక్కొక్క పాటకు పదుల కవర్లు, అంటే ఒకరి పాటను ఇంకొకరు మళ్ల పాడినవి, పుట్టుకొస్తయి. అండ్ల మనకు ఇష్టమైన అక్క సొంతంగ కట్టి పాడిన పాట ఉన్నదంటే ఇగ మన పంచాయితీ అంత దాని చుట్టే. ఎవరు మంచిగ పాడిండ్రు, ఎవరు ఖరాబు చేసిండ్రు అని పొద్దుగూకులు మాట్లాడుకుంటం. కానీ ఆ మాట ఎప్పుడూ గొంతు దగ్గరనే ఆగిపోతది. "ఈమె గొంతులో ఆ జీర లేదు", "ఈయనది సినిమా గొంతు" అంటం. గొంతు వల్ల చెడిపోయే కవర్లు తక్కువ. వంత, అంటే ఒకరు ఎత్తుకుంటే వెనుక గుంపు అందుకునే పలుకు, తీసేసినందుకు చెడిపోయేవే ఎక్కువ. ఇయ్యాల ఆ సంగతే విప్పి చెప్పాలని వచ్చిన.

మన పాత నల్లగొండ, ఆలేరు నుంచి విమలక్కను, భువనగిరి నుంచి బెల్లి లలితను చూసిన జిల్లా. ఇద్దరూ సభల్లో జనం నడుమ నిలబడి పాడినవాళ్లు. లలితను 1999లో చంపేసిండ్రు. అట్లాంటి వాళ్ల పాట స్టూడియోలో ఒక్క మనిషి పాడేతందుకు పుట్టింది కాదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేతందుకు పుట్టింది. పాట కట్టేటప్పుడే వంతకు జాగ వదిలి కడ్తరు. ఆ జాగను కవర్ పాడేవాళ్లు ఖాళీ అనుకుంటున్నరు.

లెక్క కట్టి చూపిస్త. ఎవరి పాటనో ముక్కలు చేయొద్దు గనుక ఒక వరుస ఇక్కడనే కట్టుకుందాం.

పొద్దు గూకె యాళ ఉయ్యాలో
పోతి చెల్క దారి ఉయ్యాలో

మాత్రలు లెక్కబెట్టండి, లఘువుకు 1, గురువుకు 2. పొద్దు 3, గూకె 3, యాళ 3. మొత్తం 9. ఉయ్యాలో అంటే 6. చివరి లో అనేదాన్ని ఇంకో 3 మాత్రలు లాగుతం. అక్కడికి 18. మూడు మాత్రలకు ఒక చప్పట్టు కొడితే ఒక వరుసకు 6 చప్పట్లు: ఎత్తుకున్న మనిషివి 3, వంతవి 3. నిమిషానికి 12 వరుసలు పాడుతున్నరంటే 72 చప్పట్లు. ఆటలో నడిచే మామూలు నడక ఇది.

ఈ నడకలో ఎత్తుకున్న మనిషి రెండున్నర సెకన్లు పాడ్తది, రెండున్నర సెకన్లు ఊకుంటది. ఆ ఊకున్న రెండున్నర సెకన్లలో ఊపిరి నింపుకుంటది, తర్వాతి వరుస యాది చేసుకుంటది, ఎదురుంగ ఉన్న జనాన్ని చూస్తది. అందుకే ఆమె 40 చరణాలు నిలబడి పాడినా గొంతు దిగదు. ఇప్పుడు కవర్ పాడే పిల్ల ఒక్కతే మైకు ముందట నిలబడి, ఉయ్యాలో కూడ తనే పాడింది. 4 వరుసలు బాగనే ఉంటయి. ఐదో వరుసకు ఊపిరి అందదు. ఏం చేస్తది? లో దగ్గర లాగవలసిన 3 మాత్రలు మింగేసి ఊపిరి పీలుస్తది. 18 మాత్రల వరుస 15 అయింది, ఒక చప్పట్టు మాయమైంది. డప్పు మాత్రం 18కే నడుస్తుంటది. రెండూ గుద్దుకుంటయి. వినేవాళ్లకు కారణం తెల్వదు, "ఏందో అడుగు పడ్తలేదు" అనిపిస్తది. కొందరు ఎడిటింగులో ఊపిరి చప్పుళ్లు కోసేసి ముక్కలు దగ్గరికి జరుపుతరు. అప్పుడు ఊపిరి తీసుకోని మనిషి పాడినట్టు ఉంటది, ఇంకింత ఘోరం.

కాబట్టి మూల పాట దొరికినంక మొదలు ఎత్తుకునే భాగం నేర్వొద్దు. పాట మొత్తం పెట్టుకొని మూడుసార్లు వంత ఒక్కటే పాడండి. వంత ఎక్కడ అందుకుంటదో చెవికి పడ్తది. చాలా పాటల్లో వంత వరుస అయిపోయినంక మొదలుకాదు. ముందట పాడే ఆమె "దారి" అన్న మాటలో రి మీద ఉండంగనే వెనుకవాళ్లు "ఉ" అందుకుంటరు. అట్లనే వాళ్లు "లో" లాగుతుండంగ ఆమె తర్వాతి వరుసకు ఊపిరి బిగబట్టుకొని ఉంటది. ఈ అతుకు సందు లేకుండ ఉండాలె. కవర్లలో రెండు ముక్కల నడుమ చీమ దూరేంత సందు పెడ్తరు. దాంతోటే పాట సల్లబడ్తది.

వంతకు ఎంతమంది కావాలె అంటే తక్కువల తక్కువ ముగ్గురు. ఇద్దరైతే శ్రుతి తేడా బయటపడ్తది, ముగ్గురైతే ఆ తేడానే గుంపు లెక్క వినబడ్తది. మనుషులు దొరకకపోతే ఒక్కరే 4 సార్లు పాడొచ్చు. కానీ మైకుకు ఒకసారి అడుగు దూరం, ఒకసారి 3 అడుగులు, ఒకసారి 5 అడుగులు, నాలుగోసారి పక్కకు తిరిగి పాడాలె. ఒక్కసారి పాడిన వంతను కాపీ చేసి పాటంతా అతికించొద్దు. పదో చరణంలో వంత మొదటి చరణంలో ఉన్నట్టే ఉండదు. పాట ఎక్కుతుంటే వంత బిగుస్తది, కొంచెం ఉరుకుతది. మూల రికార్డింగులో మొదటి నిమిషంలో ఎన్ని వరుసలు, ఆఖరి నిమిషంలో ఎన్ని వరుసలు అని లెక్కబెట్టి చూడండి. 12తో మొదలై 14 దాకా పోయిందంటే అది తప్పు కాదు, ఆట ఊపు.

ఇక్కడ లూపుల గురించి, అంటే మళ్ల మళ్ల తిరిగే దరువు ముక్కల గురించి, ఒక మాట. రికార్డింగు సాఫ్ట్‌వేర్లలో రెడీగ దొరికే డప్పు, డోలక్ లూపులు ఎక్కువ శాతం నాలుగుల నడకవి, తక ధిమి తక ధిమి. మన ఉయ్యాల వరుస మూడులది, తకిట తకిట. నాలుగుల లూపు మీద మూడుల పాటను పరిస్తే ప్రతి మాటలో ఒక అక్షరం సాగుతది. "పొద్దు" కాస్త "పొద్దూ" అయితది, "గూకె" "గూకే" అయితది. పాడేటామె ఉచ్చారణ బాగలేదని తిడ్తం మనం, తప్పు లూపుది. చెవిలో తాళం చూపే క్లిక్ పెట్టుకుంటే 6/8లో, అంటే మూడు మూడుగ నడిచే తాళంలో, పెట్టండి. అంతకన్న మంచి పద్ధతి, డప్పు కొట్టే మనిషిని పక్కన కూసోబెట్టి, గైడు గొంతు మెల్లగ పాడుతుండంగ దరువు ముందు రికార్డు చేసి, తర్వాత దాని మీద పాడుడు. క్లిక్‌కు ఊపు తెల్వదు, ఎక్కడ ఉరకాల్నో డప్పాయనకు తెలుసు.

ఇగ శ్రుతి. మగవాళ్లు ఆడమనిషి పాటను ఎత్తుకున్నప్పుడు సగం కవర్లు ఇక్కడ చచ్చిపోతయి. ఆమె ఐదున్నర శ్రుతికి, అంటే కీబోర్డు మీద జీ షార్పుకు పాడింది అనుకుందాం. ఈయన తన అలవాటు ప్రకారం ఒకటిన్నరకు, సీ షార్పుకు, దించుతడు. 7 మెట్లు కిందికి. కచేరీ పాటకైతే సరే, అక్కడ తారస్థాయి దాకా పోయేది ఉంటది. మన ఆడవాళ్ల పాటలు ఎక్కువ భాగం ఐదారు స్వరాలలోనే తిరుగుతయి, పంచమం దగ్గరనో ధైవతం దగ్గరనో ఆగుతయి. ఒకటిన్నర శ్రుతిలో మగ గొంతుకు పంచమం అంటే సులువుగ అందే ఎత్తే. గుంజుడు ఉండదు. ఆమె గొంతెత్తి కేకేసిన చోట ఈయన ముచ్చట చెప్పినట్టు పాడ్తడు. మీ శ్రుతి ఏందని చూసుకోవద్దు, పాటలో అన్నిటికన్న పై స్వరం ఏదో చూడండి. ఆ స్వరం దగ్గర మీ గొంతు కొంచెం గుంజుకోవాలె, పగలొద్దు. పంచమంతో ఆగే పాటను మగవాళ్లు మూడుకో నాలుగుకో పెట్టుకుంటే సరిపోతది.

ఆడపిల్లలు చేసే తప్పు దీనికి ఉల్టా. సంగీతం నేర్చుకున్న పిల్లలు ఆరు, ఆరున్నరకు ఎత్తి పైస్వరాలు సన్నగొంతుతోటి పాడ్తరు. తియ్యగ ఉంటది, పాట మాత్రం పొలం నుంచి పూజగదిలోకి వచ్చినట్టు అయితది. నాలుగున్నరకు దించి, నోరు తెరిచి, ఛాతీ నుంచి పాడితే అదే పిల్ల గొంతు వేరే తీరు వినబడ్తది.

కరోకే ట్రాకును మీటతోటి కిందికి జరిపితే రెండు మూడు మెట్ల దాకా ఓర్సుకుంటది. 7 మెట్లు జరిపితే డప్పు కూడ 7 మెట్లు దిగుతది, నానిన తోలు మీద కొట్టినట్టు మొద్దుగ పలుకుతది. దరువు వాద్యాలు అట్లనే ఉంచి శ్రుతి వాద్యాలు మాత్రం మళ్ల వాయించుకోండి. హార్మోనియం ఉంటే స, ప పట్టి ఉంచితే చాలు, పాట వెంబడి వేళ్లు ఉరకొద్దు. ఎందుకంటే మన ఆడవాళ్ల గాంధారం, అంటే గ స్వరం, చాలాసార్లు సాధారణ గాంధారానికి (కింది గ), అంతర గాంధారానికి (పై గ) నడుమ నిలబడ్తది. ఆ జాగలో హార్మోనియంకు మెట్టు లేదు. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్‌కు కూడ లేదు. అది దగ్గర్లో ఉన్న మెట్టుకు గుంజి పడేస్తది, ఒక వరుసలో పై మెట్టుకు, ఇంకో వరుసలో కింది మెట్టుకు. అప్పుడు ఒకే పాట రెండు రాగాల్లో పాడినట్టు అయితది. ఈ ఒక్క కారణం చాలు, ఈ పాటలకు ఆటోట్యూన్ ముట్టించొద్దు అనేతందుకు.

ఇప్పుడు మాట. మనం కట్టుకున్న రెండో వరుస చూడండి: పోతి 3, చెల్క 3, దారి 3. దీన్ని ఎవరో "అందరికీ అర్థం కావాలని" దిద్దిండ్రు అనుకోండి: "వెళ్ళాను చేను దారి". వెళ్ళాను 5, చేను 3, దారి 3, మొత్తం 11. 9 పట్టే జాగలో 11 కుక్కుతున్నరు. పైగ మొదటి చప్పట్టు "వె" మీద పడితే రెండో చప్పట్టు "ళ్ళా" నడుమ పడ్తది, మాట విరిగిపోతది. పొద్దు, పోతి అనే ప కలయిక పోయింది. అక్షరం కలిసే చోటనే వంతవాళ్లు తర్వాతి వరుసను పసిగడ్తరు. ఇంతకూ చెల్క అంటే చేను కాదు. ఎర్రమట్టి మెట్టనేల అది. నల్లగొండ, పాలమూరు సగం బతుకు ఆ ఒక్క మాటలో ఉంటది. చేను అనంగనే ఆ ఎరుపు పోయింది.

ఇంకో రకం దిద్దుడు ఉన్నది, అది కనబడకుండ చెడగొడ్తది. "వచ్చిండు"ను "వచ్చాడు" అని మారుస్తరు. మాత్రలు రెండిటికీ 5, లెక్క తప్పలేదు. కానీ "చ్చిం" దగ్గర సున్నా ముక్కులోకి పోయి గుయ్యిమని మోగుతది, దాని మీద డప్పు దెబ్బ పడితే రెండూ కలిసి ఒక్క చప్పుడు అయితయి. "చ్చా" దగ్గర నోరు తెరుచుకుంటది, దెబ్బ వేరే, గొంతు వేరే. చెవి పెట్టి వినండి, మీకే తెలుస్తది.

ఊరి పేర్లు మార్చి పాడుడు మాత్రం మన దగ్గర అలవాటే, నాకు అభ్యంతరం లేదు, మాత్రలు సరిపోతే. నల్లగొండ 6 మాత్రలు, మూడు మూడుగ విరుగుతది: నల్ల, గొండ. పాలమూరు కూడ అంతే: పాల, మూరు. ఒకదాని జాగలో ఒకటి చక్కగ కూసుంటయి. వనపర్తి, మునుగోడు 5, సూర్యాపేట, దేవరకొండ 7. ఈ పేర్లు పెట్టాల్నంటే పక్క మాట సర్దాలె, సర్దేముందు పాట కట్టిన ఆమెను అడగాలె. సొంత చరణం చేర్చాలని ఉంటే ఆమె ఆఖరి చరణం తర్వాత చేర్చండి, నడుమ దూర్చొద్దు, అది మీదని చెప్పండి.

డప్పు సంగతి జెర వివరంగ చెప్పాలె, ఎందుకంటే బతుకమ్మ కవర్లు రికార్డయ్యేది వానకాలంలో. గాలిలో తేమకు తోలు వదులైతది. కాగబెట్టకుండ కొడితే డబ్బు డబ్బుమని సల్లగ పలుకుతది, అప్పుడు రికార్డిస్టు మిక్సింగులో ఎంత పెంచినా ఆ మోత రాదు. స్టూడియోకు రాంగనే బయట జాగ చూసుకొని వరిగడ్డి మంట పెట్టండి. డప్పును మంటకు మరీ దగ్గర పట్టొద్దు, గుండ్రంగ తిప్పుకుంట కాగబెట్టాలె. ఒక్క వైపే కాగితే ఆ వైపు బిగిసి, ఇంకో వైపు వదులుంటది, ఎక్కువైతే అంచు దగ్గర తోలు చిట్లుతది. బొటనవేలుతోటి నడుమ నొక్కితే లోపలికి పోవద్దు, సిర్రతోటి ఒక్క దెబ్బ వేస్తే ఠంగుమనాలె. ఏసీ గదిలోకి పోయినంక మెల్లగ మల్ల దిగుతది. అందుకే ప్రతి టేకుకు ముందు ఒకసారి బయటికి పోయి కాగబెట్టుకొని రావాలె. మొదటి చరణం ఒకటో టేకు నుంచి, రెండోది ఐదో టేకు నుంచి తీసి అతికిస్తే డప్పు మోత దిగినట్టు స్పష్టంగ తెలుస్తది.

వినేటప్పుడు సిర్ర దెబ్బ ఒక్కటే పట్టుకోవద్దు. ఎడమ చేతి సిటికెన పుల్ల వేసే సన్న దెబ్బలే నడకను మోస్తయి. కవర్లలో డ్రమ్స్ ప్యాడ్ మీద వాయించేవాళ్లు లావు దెబ్బలు పెట్టి సన్నవి వదిలేస్తరు. నడక కుంటుతది.

ఫోనుతోటే రికార్డు చేసేవాళ్లకు: ఫోను తనంతట తనే చప్పుడు సర్దుకుంటది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్ల గొంతును తొక్కేస్తది, దెబ్బ పోయినంక పైకి తెస్తది. గొంతు మునిగి తేలినట్టు వినబడేది అందుకే. పాడే మనిషికి ఫోను అడుగు దూరంలో, డప్పు 10 అడుగుల వెనుక, వంతవాళ్లు నడుమ నిలబడితే చాలావరకు సర్దుకుంటది. వేరే వేరేగ రికార్డు చేసే వీలుంటే గొంతు ఎత్తు రికార్డింగు మీటరు మీద మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండ చూసుకోండి. ఈ పాటల్లో మెల్లగ మొదలై ఒక్కసారి కేక పడే చోట్లు ఉంటయి, అక్కడ పగిలిందంటే తర్వాత బాగు చేయలేం. గదిలో గోడకు రెండు బొంతలు వేలాడదీస్తే చాలు. ఎకో ఎక్కువ కలపొద్దు. ఇది బయట గాలిలో పాడిన పాట, గుహలో పాడింది కాదు.

కిన్నెర చప్పుడు కలపాలని చానమంది ఉబలాటపడ్తరు. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినంక ఇంకింత ఎక్కువైంది. మంచిదే. కానీ పన్నెండు మెట్ల కిన్నెరకు మెట్లు ఎక్కడుంటే శ్రుతి అక్కడనే. గొంతే దాని దగ్గరికి రావాలె. రికార్డు చేసిన ముక్కను తెచ్చి మీ శ్రుతికి సాగదీస్తే అది కిన్నెర లెక్క ఉండదు.

ఆఖరుకు పేరు. నాకు అన్నిటికన్న బాధ ఉన్నది ఇక్కడ. మనం ప్రేమించే పాటల కింద "జానపదం", "సేకరణ" అని వేస్తున్నరు. బాణీ తాతల నాటిదే కావచ్చు, ఉయ్యాలో వంత ఊరందరిదీ కావచ్చు, కానీ మాటలు కట్టింది ఒక మనిషి. "బండెనక బండి కట్టి" పాట బండి యాదగిరిది. మా భూమి సినిమాలో గద్దర్ పాడినంక గద్దర్ పాటనే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నరు. అంత పెద్ద పాటకే అట్లయితే, సభల్లో పాడి పోయిన ఆడమనిషి పాటకు దిక్కెవరు?

చట్టం సంగతి చిన్నగ చెప్త. ఒక పాటలో మూడు హక్కులు వేరే వేరే ఉంటయి: మాటలవి, బాణీది, రికార్డింగుది. మన దేశంలో మాటల మీద హక్కు రాసిన మనిషి బతికున్నన్ని దినాలు, పోయిన తర్వాత 60 ఏండ్లు. 1999లో పోయిన మనిషి సొంతంగ రాసిన మాటల మీద హక్కు 2059 ఆఖరి దాకా వాళ్ల వారసులదే. రిజిస్ట్రేషన్ లేకున్నా హక్కు ఉంటది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో కవర్ల కోసం 31సి అని ఒక సెక్షన్ పెట్టిండ్రు. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిసి 5 ఏండ్లు దాటాలె, ముందుగ నోటీసు ఇయ్యాలె, ఏడాదికి తక్కువల తక్కువ 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలె, పాటను మార్చొద్దు, ఇది కవర్ అని స్పష్టంగ రాయాలె. చిన్నగ పాడుకునే మనసోంటోళ్లకు ఆ తొవ్వ బరువు. కట్టిన మనిషినో, వాళ్ల ఇంటోళ్లనో నేరుగ అడిగి, "ఫలానా పాట, ఫలానా వాళ్లం పాడి యూట్యూబ్‌లో పెట్టుకుంటం, పైసలు వస్తే ఇంత వాటా" అని కాగితం మీద రాసి సంతకం తీసుకునుడు తేలిక, మర్యాద కూడ.

వివరణలో రాయవలసింది వరుసగ: మాటలు ఎవరివి, మొదట పాడింది ఎవరు, బాణీ ఎక్కడిది, సంప్రదాయ బాణీ అయితే ఆ మాట, కొత్తగ చేర్చిన చరణం ఎవరిది, వంత ఎవరు, డప్పు ఎవరు. వంతవాళ్ల పేర్లు రాయకుంట "బృందం" అని పెట్టొద్దు. కట్టిన మనిషి పేరు దొరకకపోతే సేకరణ అని మీ పేరు వేసుకోవద్దు, "కట్టినవారి పేరు తెలిసినోళ్లు చెప్పండి" అని రాయండి. చెప్పేటోళ్లు వస్తరు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఒకసారి ఎక్కించిన వీడియోను తీసి అదే లింకులో ఇంకోటి పెట్టే వీలు లేదు, వివరణ మాత్రం ఎప్పుడైనా దిద్దొచ్చు. అందుకని ఖాయంగ తెలిసిన పేర్లు వీడియో మీదనే వేయండి, అనుమానం ఉన్నయి వివరణలో రాయండి, తెలిసిన నాడు దిద్దుకోవచ్చు.

ఇగ వంత పాడెటోళ్లు ముందటికి రండి, ఆ రెండు వరుసలు 72 చప్పట్లకు ఒకసారి పాడి చూద్దాం.